దారి తెలిసినవాడి మరణం: ‘అడవి’ చిత్రంలో కనబడని మృగం, కనబడని మనుషులు

అడవిలో దారి తప్పినవారి కథ తెలుగుకు కొత్త కాదు. దానిని ఒక ప్రత్యేక చలనచిత్ర ప్రక్రియగా మలచడం మాత్రం కొత్త. నగరం నుంచి కొందరు అడవికి వెళతారు. వాహనమో యంత్రమో చెడిపోతుంది, లేదా దారి తెలియకుండా పోతుంది. క్రూరమృగం ఒక్కొక్కరినే బలి తీసుకొంటుంది. చివరికి ఒకరిద్దరు మిగులుతారు. పాశ్చాత్య చిత్రసీమలో స్థిరపడిన ఈ చట్రానికి తెలుగులో వాడుకపేరు కూడా ఏర్పడలేదు. అనువాద చిత్రాల రూపంలో తప్ప ఈ తరహా కథలు తెలుగు తెర మీద అరుదు. ఆ అరుదైన వాటిలో పరిశీలించదగినది రామ్‌గోపాల్ వర్మ దర్శకత్వంలో 2009 ఆగస్టులో విడుదలైన ‘అడవి’. నితిన్, ప్రియాంక కొఠారి ప్రధాన పాత్రధారులు. హిందీలో దీని పేరు ‘అగ్యాత్’.

ఈ రెండు పేర్ల మధ్య ఉన్న తేడా దగ్గరే విమర్శకుడు ఆగవలసి ఉంది. హిందీ పేరుకు ‘తెలియనిది’ అని అర్థం. అజ్ఞాతం, అజ్ఞాతవాసం తెలుగువారికి భారతకథ ద్వారా చిరపరిచితమైన మాటలు కనుక ఆ పేరునే స్వల్పమార్పుతో ఉంచుకొనే వీలు ఉండింది. దాని స్థానంలో ‘అడవి’ అనే పేరు వచ్చింది. హిందీలో తెలియనిది అడవిలో ఉన్న ఏదో ఒక ప్రాణి. తెలుగులో అడవే ఆ ప్రాణి అయింది. వ్యాపార సౌలభ్యం కోసం పెట్టిన పేరే కావచ్చు గాని, చిత్రం లోపల జరిగిన పనికి ఇదే కచ్చితమైన పేరు. మృగాన్ని చూపకుండా భయపెట్టడం ఈ చిత్రం ఎంచుకొన్న పద్ధతి. ఆ పద్ధతి కుదరడానికి అడవి గురించి ఏమైనా తెలిసిన ప్రతి మనిషినీ కథలోంచి తొలగించవలసి వచ్చింది. విడుదలైనప్పుడు వచ్చిన అసంతృప్తి చాలావరకు ‘మృగాన్ని చివరిదాకా చూపలేదు’ అన్న ఫిర్యాదు చుట్టూ తిరిగింది. అసలు లోపం అక్కడ కాక, ఈ తొలగింపులో ఉంది.

మొదటి బలి

కథ సరళమైనది. ఒక చలనచిత్ర బృందం షూటింగ్ కోసం జనసంచారం లేని అడవికి వెళుతుంది. అహంకారి అయిన కథానాయకుడు, ఖర్చు లెక్కలు చూసుకొనే నిర్మాత, దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, ఫైట్‌మాస్టర్, కథానాయిక, ఆమెను మౌనంగా ఆరాధించే సహాయ దర్శకుడు, స్టారు వెంట తిరిగే పనివాడు అందులో ఉన్నారు. కెమెరా చెడిపోతుంది. మరొకటి వచ్చేలోగా కాలక్షేపానికి స్థానికుడైన ఒక దారిచూపరి వెంట అడవి లోపలికి వెళతారు. రాత్రి మంట చుట్టూ కూర్చున్నప్పుడు ఏదో చప్పుడు వినబడుతుంది. చూసి వస్తానని దారిచూపరి వెళతాడు. అతడే మొదట చనిపోతాడు. మిగిలినవారు దారి తెలియక తిరుగుతూ ఒకరి తరువాత ఒకరుగా హతమవుతారు. కథానాయిక, సహాయ దర్శకుడు మిగులుతారు.

కథన యంత్రాంగం దృష్టితో చూస్తే దారిచూపరి మరణం అనివార్యం. అతడు బ్రతికి ఉంటే మిగిలినవారు తప్పిపోరు, వారు తప్పిపోకపోతే కథ లేదు. ఈ తరహా చిత్రాలన్నింటిలోనూ దారి తెలిసినవాడు తొందరగా పోవడం ఒక ఆనవాయితీ. అయితే ఆనవాయితీని పాటించడం వేరు, దాని బరువును గుర్తించడం వేరు. ‘అడవి’లో ఆ మరణం మిగిలినవారికి ఒక హెచ్చరికగా మాత్రమే అందుతుంది. అతడికి ఇల్లు ఉందా, ఆ ఇంటివారికి కబురు ఎవరు చెప్పాలి, తమ కాలక్షేపం కోసం ఒక మనిషిని చీకట్లోకి పంపినవారి బాధ్యత ఏమిటి అన్న ప్రశ్నలు బృందంలో బలంగా తలెత్తవు. తలెత్తి ఉంటే ఈ చిత్రానికి మృగం అవసరం కూడా తగ్గేది. తరువాత పోయేవారి విషయంలో చిత్రం కొంత ఆగుతుంది. వారి భయం, వారి మధ్య తగవులు, ఒకరిపై ఒకరు నెపం వేసుకోవడం మనకు తెలుస్తాయి. దారిచూపరికి ఆ పాటి వ్యవధి లేదు.

ఇది మరింత ఆశ్చర్యం కలిగించడానికి కారణం, చిత్రం పూర్వార్ధం ఇలాంటి అంతరాల పట్ల చాలా మెలకువగా ఉండడమే. షూటింగ్ బృందంలో ఎవరు ఎవరి ముందు కూర్చోవచ్చు, ఎవరి కోపాన్ని ఎవరు భరించాలి, ఎవరి ఆకలికి ముందు అన్నం రావాలి అన్న వరుసను వర్మ లోపలి మనిషిగా ఎరిగి చూపాడు. స్టారు చిరాకు, నిర్మాత దిగమింగుకొనే అవమానం వంటివి ఈ చిత్రంలో అత్యుత్తమ భాగాలు. అడవిలోకి వెళ్లాక ఆ వరుస చెదరడం, జీతంతో వచ్చిన అధికారం అక్కడ చెల్లకపోవడం కూడా చక్కగా సూచితమైంది. ఇంత చూసిన కన్ను ఆ వరుసకు పూర్తిగా వెలుపల ఉన్న మనిషిని, అంటే ఆ ఊరివాడిని, ఎందుకు చూడలేదన్నది అడగవలసిన ప్రశ్న.

దమయంతి అడిగిన పులి

తెలుగు సాహిత్యంలో అడవిలో చిక్కుకొన్న మనిషి అనగానే రెండు రూపాలు స్ఫురిస్తాయి. ఒకటి ప్రవరుడు. పాదలేపం మంచుకు కరిగిపోవడంతో హిమాలయంలో నిలిచిపోయిన ఆ బ్రాహ్మణుడి కథ, యంత్రం చెడి చిక్కుబడడం అనే నేటి చట్రానికి వింతగా సరిపోతుంది. అయితే పెద్దన అతడి ముందు నిలిపింది మృగాన్ని కాదు, వరూధినిని. కాబట్టి ఆ పోలిక అంతటితో ఆగుతుంది.

రెండవది దమయంతి. నన్నయ ఆరణ్యపర్వంలో తెలుగు చేసిన నలోపాఖ్యానం ఇక్కడ నిశితమైన పోలికకు అర్హం. నిద్రలో భర్త విడిచిపోయిన దమయంతి అడవిలో ఒంటరిగా తిరుగుతుంది. కొండచిలువ ఆమెను పట్టుకొంటుంది. ఒక కిరాతుడు దానిని నరికి ఆమెను కాపాడతాడు. తరువాత ఆమెను కామించి, ఆమె శాపంతో చనిపోతాడు. మూలభారతంలో దమయంతి ఎదురుపడిన పులిని నలుడి జాడ చెప్పమని, చెప్పలేకపోతే తనను తినివేయమని వేడుకొంటుంది. కొండను కూడా అలాగే అడుగుతుంది. ఆ తరువాత ఆమె ఒక వర్తకుల బిడారును చేరుతుంది. కొలను గట్టున ఆదమరచి నిద్రిస్తున్న ఆ బిడారు మీద రాత్రివేళ అడవి ఏనుగులు పడి తొక్కివేస్తాయి. బ్రతికినవారు తమ కష్టానికి కారణం ఈ కొత్తగా వచ్చిన స్త్రీయేనని ఆమెపై నెపం మోపుతారు.

మృగభయం, సమూహం, అర్ధరాత్రి దాడి, మిగిలినవారి పరస్పర నిందలు అన్నీ ఇందులో ఉన్నాయి. కాని రెండు విషయాల్లో ఇది ‘అడవి’కి భిన్నం. మొదటిది, ఇక్కడి జంతువుకు కారణం ఉంది. ఏనుగులు నీటికి వచ్చే దారిలో బిడారు విడిది చేసింది. బిడారులోని పెంపుడు ఏనుగుల ఉనికి వాటిని రెచ్చగొట్టింది. అడవి నడక తెలిసిన కవి చెప్పిన కారణం ఇది. ‘అడవి’లోని ప్రాణికి ఆకలా, పిల్లల రక్షణా, హద్దు దాటారన్న కోపమా అన్నది ఎక్కడా తేలదు. తేలకపోవడమే భయానికి మూలమని దర్శకుడి నమ్మకం. రెండవది, దమయంతి అడవితో మాట్లాడుతుంది. పులిని సంబోధించగల మనిషికి అడవి పూర్తిగా అజ్ఞాతం కాదు. షూటింగ్ బృందంలో ఎవరూ అడవిని ఉద్దేశించి ఒక్క మాట అనరు. వారికి అది సెట్టు, తరువాత ఉచ్చు.

ఇక్కడ పూర్వసాహిత్యాన్ని నిర్దోషిగా నిలబెట్టనక్కరలేదు. నలోపాఖ్యానంలోనూ అడవి తెలిసినవాడు, ఆమె ప్రాణం కాపాడినవాడు, తొందరగానే చనిపోతాడు. అతడి మరణానికీ ఎవరూ వగచరు. కావ్యం అతడి చావుకు అతడి దోషాన్నే కారణంగా చూపింది. ఆ దోషారోపణ వెనుక ఉన్న కులదృష్టి గురించి వేరే చర్చ అవసరం. అయినా కిరాతుడికి కథలో ఒక చేత, ఒక కోరిక, ఒక తప్పు, దానికి ఫలితం ఉన్నాయి. ‘అడవి’ దారిచూపరికి తప్పు చేసే అవకాశం కూడా దక్కలేదు.

తెర మీది అడవులు

తెలుగు చలనచిత్రంలో అడవి ప్రధానంగా కథానాయకుడి ఇల్లు. 1977 నాటి ‘అడవి రాముడు’లో ఏనుగులు నాయకుడి పక్షాన ఉంటాయి. అడవికి ప్రమాదం మృగం వల్ల కాదు, దొంగరవాణా చేసే మనిషి వల్ల. మలయాళ మూలం నుంచి 2016లో తెలుగులోకి వచ్చిన ‘మన్యం పులి’లో పులి ప్రాణాంతకమే గాని, దాని అడుగుజాడ చదవగలవాడే నాయకుడు. 2022 నాటి ‘ఆర్.ఆర్.ఆర్.’లో భీముడు తాను పట్టిన పులికి క్షమాపణ చెప్పుకొంటాడు. ఈ వీరగాథల్లో అతిశయోక్తి ఎంత ఉన్నా, అడవి తెలిసినవాడు కథ మధ్యలో నిలబడి ఉంటాడు. వర్మ ఈ ఆనవాయితీని కాదన్నాడు. అందులో సాహసం ఉంది. నాయకుడు మృగాన్ని చేతులతో గెలవని తెలుగు అడవిచిత్రం ఒకటి ఉండడం మేలే.

వర్మ పూర్వచిత్రాలతో పోల్చినప్పుడు ఈ సాహసం ఖరీదు తెలుస్తుంది. 1991 నాటి ‘క్షణక్షణం’లో చందు, సత్య దొంగల నుంచి, పోలీసుల నుంచి తప్పించుకొంటూ అడవిలో చిక్కుకొంటారు. సత్య పట్నపు పిల్ల. చీకటి, పురుగు, చప్పుడు, ఆకలి ప్రతిదీ ఆమెకు భయమే. ఆ భయాన్ని వర్మ హాస్యంగా మలిచాడు. అది ముదిరే వేళకు సిరివెన్నెల సీతారామశాస్త్రి రచన, కీరవాణి సంగీతంలో ‘జామురాతిరి’ పాట వస్తుంది. అడవిలో నిద్రపట్టని పెద్దమనిషికి పాడిన జోలపాట అది. ఆ పాట నిడివిలో అడవి ఒక రాత్రికి తలదాచుకొనే చోటుగా మారుతుంది. అక్కడ చందు అడవి తెలిసినవాడేమీ కాదు. కాని ఎదుటి మనిషి భయాన్ని గుర్తించగలిగాడు. పద్దెనిమిదేళ్ల తరువాత అదే దర్శకుడి అడవిలో మంట చుట్టూ కూర్చున్నవారి భయానికి అలాంటి ఆలంబన ఏదీ దొరకదు. ఒక చప్పుడు వినగానే వారిలో ఒకరిని పరీక్షకు పంపుతారు.

మృగాన్ని చూపకపోవడం గురించి కొంత న్యాయం చెప్పాలి. 1975 నాటి ‘జాస్’లో యాంత్రిక సొరచేప సరిగా పనిచేయకపోవడం వల్ల స్పీల్‌బర్గ్ దానిని చాలాసేపు దాచవలసి వచ్చింది, ఆ దాపరికమే చిత్రానికి బలమైంది. 1999 నాటి ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ చివరివరకు ఏమీ చూపకుండానే నిలిచింది. అందులోనూ అడవిలో తప్పిపోయినది చిత్రం తీయడానికి వెళ్లిన బృందమే. వర్మకు ఈ పద్ధతి కొత్తది కాదు. 1992 నాటి ‘రాత్రి’లో కదిలే కెమెరాయే కనబడని శక్తికి కన్నుగా పనిచేసింది. ‘అడవి’లోనూ కొమ్మల నడుమ నుంచి, ఎత్తు నుంచి మనుషుల్ని వెంటాడే దృష్టికోణం మృగానిది. చనిపోయేవారు తల పైకెత్తి చూస్తారు. వారి ముఖం మనకు కనబడుతుంది, వారు చూసింది కనబడదు. ధ్వని మిగిలిన పని చేస్తుంది.

ఇంతవరకు పద్ధతి సమర్థమే. చిక్కు ఏమిటంటే, ‘బ్లెయిర్ విచ్’లో కనబడని దానికి ఊరి జ్ఞాపకం ఆధారం. చిత్రం మొదట్లోనే ఊరివారు తమకు తెలిసిన కథలు, పాత హత్యలు, పిల్లల అదృశ్యాలు చెబుతారు. ఆ మాటలు మన మనసులో ఉన్నందువల్లనే చెట్టుకు వేలాడే పుల్లల బొమ్మ భయపెడుతుంది. ‘అడవి’లో అలాంటి జ్ఞాపకాన్ని మోయగలవాడు దారిచూపరి ఒక్కడే. అతడు పోయాక మిగిలిన భయానికి స్థానిక ఆధారం లేదు. ప్రతి చప్పుడూ మొదటి చప్పుడే. అందువల్ల ఉత్తరార్ధంలో ఉత్కంఠ పెరగదు, మృతుల సంఖ్య పెరుగుతుంది. మృగాన్ని ఒకసారి చూపి ఉన్నా ఈ లోటు తీరేది కాదు.

చిత్రీకరణ శ్రీలంకలోని సిగిరియా ప్రాంతపు అడవుల్లో జరిగింది. అది తప్పు కాదు, ‘అడవి రాముడు’ కూడా మదుమలైలో తీసినదే. కాని నల్లమల తెలిసిన ప్రేక్షకుడికి ఈ తెర మీది పచ్చదనం పరాయిగా తోస్తుంది. నల్లమల ఆకురాల్చే అడవి. వేసవిలో చూపు దూరం సాగుతుంది, వానాకాలంలో పది అడుగుల అవతల ఏమున్నదీ తెలియదు. ఏ నెలలో, ఏ వాగు పక్కన దేనికి భయపడాలన్నది అక్కడివారికి తెలిసిన విద్య. చెంచుల ఆ విద్యను పులుల సంరక్షణ కోసం అటవీశాఖ కూడా వాడుకొంటున్నది. ‘అడవి’లో ఋతువు లేదు, చెట్టుకు పేరు లేదు.

నాగోల్ నుంచి చూస్తే

ఈ చిత్రం ఎవరి భయాన్ని ఆధారం చేసుకొన్నదో తెలుసుకోవడానికి హైదరాబాదు తూర్పు అంచున ఉండే ప్రేక్షకుడిని ఊహించుకోవచ్చు. నాగోల్, ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ. దేవరకొండ, డిండి, అచ్చంపేట వారికి బంధువుల ఊళ్లు. నాగోల్ నుంచి ఎల్.బి.నగర్ మీదుగా విజయవాడ రహదారి పట్టుకొంటే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి వస్తుంది. నిజాముల కాలపు వేటస్థలం 1975లో కృష్ణజింకల రక్షితస్థలమైంది. ఈ ప్రాంతపు పిల్లలకు అడవి మొదట టిక్కెట్టు కొని, ప్రహరీ లోపలికి వెళ్లి చూసేది. అదే కుటుంబం శ్రీశైలం ప్రయాణమైతే మన్ననూరు తనిఖీ కేంద్రం దగ్గర రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు గంటల వరకు వాహనాలను ఆపుతారు. మృగాల నుంచి మనుషులను కాపాడడం కన్నా, వాహనాల నుంచి మృగాలను కాపాడడం ఈ నిషేధం ఉద్దేశం. ఈ ప్రేక్షకుడికి అడవి అజ్ఞాతమేమీ కాదు. సగం తెలిసినది, నియమాలున్నది, అక్కడ ఎవరో ఉంటారన్న ఎరుక ఉన్నది. ‘అడవి’ ఆ సగం ఎరుకను ఉపయోగించుకోలేదు, చెరిపివేసి మొదలుపెట్టింది.

నిజంగా జరిగిన మరణాలు ఈ చట్రానికి మరీ దూరం. 2020 నవంబరులో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడుల్లో ఇద్దరు మరణించారు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ ప్రాంతంలో పత్తిచేనులో పనికి వెళ్లిన మహిళ పులి దాడికి బలైంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి ప్రాణం కోల్పోగా, ఆ తరువాత దేవస్థానం నడిచివచ్చే భక్తులకు చేతికర్రలు ఇచ్చింది. వీరెవరూ దారి తప్పినవారు కారు. రోజూ వెళ్లే చేనులోనో, వేలమంది నడిచే మెట్లమీదనో ఉన్నవారు. పత్తి తీయడానికి వంగిన మనిషి వెనుక నుంచి వచ్చే ప్రమాదాన్ని తెలుగు తెర ఇంతవరకు కథావస్తువుగా తీసుకోలేదనే చెప్పాలి. తప్పిపోయినవారి కథలో ప్రేక్షకుడు తనను ఆ అతిథి స్థానంలో ఊహించుకొంటాడు. పత్తిచేను కథలో అలా ఊహించుకోవడం నగర ప్రేక్షకుడికి కష్టం. ఆ కష్టాన్ని తప్పించుకోవడానికి ఈ ప్రక్రియ సులభమైన దారి.

నవల ఆ పనిని ముందే చేసింది. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో పందులు కాచుకొనే వృద్ధుడు తప్పిపోయిన సూడి పందిని వెతుకుతూ ఒంటరిగా అడవికి వెళతాడు. ఈ నవలను హెమింగ్వే ‘ది ఓల్డ్ మాన్ అండ్ ద సీ’తో పోల్చడం పరిపాటి. కాని ఇక్కడి సందర్భంలో గమనించవలసినది వేరు. ఆ వృద్ధుడు అడవిలోకి వెళ్లింది కాలక్షేపానికి కాదు, జీవనాధారం కోసం. అతడికి వాసనలు, అడుగుజాడలు, చప్పుళ్లు తెలుసు. ఏది ఎప్పుడు మీద పడుతుందో, ఎందుకు పడుతుందో తెలిసి కూడా ఆ రాత్రి అతడు అడుగడుగునా ప్రమాదంలో ఉంటాడు. అంటే తెలియనితనం లేకపోయినా ఉత్కంఠ సాధ్యమే. పైగా ఈనిన తల్లిపంది యజమానిని కూడా శత్రువుగా చూస్తుంది. తెలిసిన జంతువే ప్రమాదకారి కావడం, దాని కోపానికి న్యాయం ఉందని అతడికి తెలిసి ఉండడం ఆ నవలలోని బిగికి మూలం. అజ్ఞాతమృగం వల్లనే భయం పుడుతుందన్న ‘అడవి’ నమ్మకానికి ఈ చిన్న నవల గట్టి ప్రత్యుదాహరణ. అక్కడ దారి తెలిసినవాడే కథంతా మోశాడు. వర్మ చిత్రంలో అతడి స్థానం మొదటి చప్పుడుతో ముగిసింది.

‘అడవి’ అసంపూర్తిగా ఆగుతుంది. ఇద్దరు మిగిలారు, మృగం మిగిలింది, రెండవ భాగం వస్తుందన్న సూచన ఉంది. ఆ రెండవ భాగం వెలువడలేదు. కాబట్టి ఆ ప్రాణి ఏమిటన్న ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది, దాని గురించి అడిగేవారు కూడా ఉన్నారు. బ్రతికి బయటపడిన ఆ ఇద్దరూ ఊరు చేరితే ముందుగా ఎవరి గడపకు వెళ్లి ఏం చెప్పవలసి ఉంటుందన్న ప్రశ్న మాత్రం చిత్రం లోపల గాని, దాని మీద వచ్చిన చర్చలో గాని చోటు చేసుకోలేదు. రెండవ భాగం ఎప్పుడైనా రాయదలచినవారికి కథ అక్కడి నుంచి కూడా మొదలుపెట్టే వీలుంది.